వేలైకీ వేలానికీ నడుమ

మా ఇంట్లో పనిని పని అనరు, వేలై అంటారు. అది అరవమాట అని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. అరవదేశంలోని ఈ ధర్మపురికి మావాళ్ళు ఎప్పుడొచ్చారో, ఎందుకొచ్చారో చెప్పగలిగిన మనిషి మా పేటలో ఒక్కరూ లేరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. రెండూ ఒకే వంటగది వాడుకునే తోడికోడళ్ళలా మా నోట్లో కలిసి బతికేస్తున్నాయి, ఏ గిన్నె ఎవరిదో ఇద్దరికీ గుర్తులేదు. జీతాన్ని సంబళం అంటాం. వేలంపాటను ఏలం అంటాం. పనిని వేలై అంటాం. ఈ మాటలు కొంచెం గుర్తుపెట్టుకోండి, నేను చెప్పబోయేదంతా వాటి మధ్యే జరిగింది.

అమ్మకు మోకాళ్ళు పట్టేసి ఇల్లు కదలలేదు. పొద్దంతా టీవీ ముందే. చుట్టుపక్కల ఇళ్ళన్నీ అరవం ఛానళ్ళు పెట్టుకుంటే అమ్మ మాత్రం తెలుగు వార్తలు పెట్టించుకుంటుంది. వాళ్ళు మాట్లాడే తెలుగు అమ్మకు సగమే అర్థమవుతుంది. మిగతా సగం తనే కల్పించుకుంటుంది, ఆ కల్పన చాలాసార్లు అసలు వార్తకంటే బాగుంటుంది. నేను నవ్వితే, "వాళ్ళకే సరిగా మాట్లాడను రాదు, నన్నంటావేమి" అంటుంది.

నేను వీధులు ఊడ్చి చెత్త ఎత్తే పని చేస్తాను. ఒకరోజు మధ్యాహ్నం పని ముగించి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటుంటే లోపలినుంచి అమ్మ కేకేసింది.

"ఏమే, బిరబిరా రా! చెడుగుడు ఆడేది కూడా వేలై అయిపోయిందంట!"

తడికాళ్ళతోనే లోపలికి పోయాను. తెరమీద ఒక కుర్రాడు తొడగొట్టి గీత దాటుతున్నాడు. కింద ఏవో అంకెలు మెరుస్తున్నాయి.

"ఎవురు చెప్పినారు?"

"వీళ్ళే చెప్తా ఉండారు. ఆటగాళ్ల వేలై, ఆటగాళ్ల వేలై అని ఒకటే మాట. ఆ పిల్లోనికి కోటికి పైన సంబళమంట. చూడు, నువ్వు ఆడిందే కదా ఇది?"

"అదే."

అమ్మ కాసేపు తెరనే చూసింది. తర్వాత నావైపు తిరగకుండా అంది: "ఇది వేలై అని అప్పుడే ఎవురైనా చెప్పింటే నిన్ను ఆడనిచ్చిందును."

నాకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. ఆ రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో నాకెప్పుడూ తెలియదు. వాకిట్లోకి పోయి మళ్ళీ కాళ్ళు కడుక్కున్నాను.

బడిలో ఉండగా నేను చెడుగుడు ఆడేదాన్ని. సరదాకు కాదు. మా బడి జట్టులో కూతకు పోయేది నేనే. గీత దాటాక ఊపిరి పీల్చకూడదు, కూత ఆపకూడదు, అవతలివాళ్ళలో ఒకరినైనా తాకి మళ్ళీ గీతకు రావాలి. కారిమంగళం మైదానంలో ఒకసారి గెలిచాం, ఆ రోజు మట్టికి ఒరుసుకుపోయిన మోకాలిమీద మచ్చ ఇప్పటికీ ఉంది. అదియమాన్‌కోట్టై జట్టులో ఒక పొడుగు పిల్ల ఉండేది, చీలమండ పట్టుకుందంటే నేను చచ్చానన్నమాటే. కుంటుకుంటూ ఇంటికొస్తే అమ్మ వేడినీళ్ళు పోసి కాలు పిసుకుతూ తిట్టేది. "ఆట ఎక్కడైనా వేలై అవుతుందా? రేపు నీకు అన్నం పెడుతుందా?" కాలు పిసకడమూ ఆపేది కాదు, తిట్టడమూ ఆపేది కాదు.

సేలంలో పెద్ద జట్టుకు ఎంపిక ఉందని చెప్పారు. పోయే రోజు పొద్దున్నే లేచి చూస్తే నా ఆట నిక్కరు కనిపించలేదు. దండెం మీద లేదు, పెట్టెలో లేదు. ఇల్లంతా తలకిందులు చేశాను. అమ్మ పొయ్యి ముందు ఏమీ ఎరగనట్టు కూర్చుంది. నేను వెతుకుతూ ఉండగానే మా జట్టు ఎక్కిన బస్సు తొప్పూరు కనుమ దిగిపోయింది. చాలా రోజుల తర్వాత రాగుల డబ్బా అడుగంటినప్పుడు ఆ నిక్కరు బయటపడింది. అమ్మ దాన్ని చింపలేదు, పారేయలేదు. ఉతికి, చక్కగా మడిచి, రాగుల కింద పెట్టింది. పారేయకుండా ఎందుకు దాచిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తర్వాత పెళ్ళి, పిల్లలు, చీపురు. ఆ వివరాలు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.

తెలుగు అక్షరాలు కూడా నాకు అమ్మ టీవీనే నేర్పింది. మా పేటలో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు, చదవగలిగినవాళ్ళూ లేరు. టీవీ కింద పరిగెత్తే వార్తల పట్టీ చూస్తూ, పైన పలికే మాటకూ కింద పోయే అక్షరానికీ జత కుదుర్చుకుంటూ నేర్చుకున్నాను. ఏళ్ళు పట్టింది. పరిగెత్తే అక్షరాల వెంటపడి నేర్చుకున్నాను కాబట్టి పుస్తకంలో కదలకుండా కూర్చున్న అక్షరాలు నాకు భలే సులువు. ఇప్పుడు రాస్తున్నది ఆ చదువుతోనే. తప్పులుంటే ఆ పట్టీ రాసేవాళ్ళను అడగండి.

ఆ రోజు కాళ్ళు రెండోసారి కడుక్కుని లోపలికొచ్చేసరికి పట్టీ పోతోంది. ఆటగాళ్ల వే... ఆగి చూశాను. చివర ఉన్నది సున్న.

"వేలై కాదమ్మా. వేలం అని రాసినారు."

"అంటే?"

నాకూ తెలియదు. ఇద్దరం కలిసి చూశాం. చల్లటి గదిలో కోట్లు వేసుకున్నవాళ్ళు బల్లల ముందు కూర్చుని చేతిలో పలకలు ఎత్తుతున్నారు. ఒకడు ఎత్తితే అంకె పెరుగుతోంది, ఇంకొకడు ఎత్తితే ఇంకా పెరుగుతోంది. చివర ఒకడు సుత్తి కొట్టాడు. అప్పుడు వెలిగింది.

"ఏలం అమ్మా! మన కారిమంగళం సంతలో గొడ్లకు ఏస్తారే, అదే."

"మనుషుల్నా?" అమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "మాడ్లను ఏసినట్టు మనుషుల్ని ఏలం ఏసేదా? ఆ పిల్లోడేమో నవ్వుతా ఉండాడే!"

"నవ్వడా మరి? ధర పైకి పోతా ఉండాది కదా."

అమ్మ మళ్ళీ తెరవైపు తిరిగింది. మనుషుల్ని ఏలం వేస్తారన్న సంగతికంటే, ఆట వేలై కాదన్న సంగతే ఆమెను ఎక్కువ కలతపెట్టినట్టుంది. "అట్లయితే అది వేలై కాదా?" అంది, దిగులుగా.

"వేలైనే. ఏలం ఏసినా వేలైనే," అన్నాను.

ఆ రాత్రి అన్నం తింటుంటే తట్టింది, మమ్మల్ని కూడా ఏలం వేస్తారు కదా అని.

మా పని ఏ ఆఫీసు కిందిదో రాయను. అది ఒక్క ఆఫీసు పద్ధతి కాదు. వీధులు ఊడ్చే పని కాంట్రాక్టుకు ఇస్తారు. టెండరు పిలుస్తారు. ఇన్ని వీధులు, ఇంతమంది మనుషులు, నాకు ఇంత చాలు అని కాంట్రాక్టర్లు రాసి కవర్లో పెట్టి ఇస్తారు. అందరికంటే తక్కువ ఎవడు రాస్తే వాడికి మేము పోతాం. ఆటగాడి పాట పైకి పోతుంది, మా పాట కిందికి పోతుంది. అతని మొహం తెరనిండా చూపిస్తారు, మా మొహాలు ఆ కవరుకు అంటించరు. ఆ కాంట్రాక్టరు తగ్గించి రాసినది వాళ్ళ ఇంటినుంచి తెచ్చి పూడ్చడు గదా. మా గ్లవ్సులో, మా చీపుర్లలో, మా సంబళంలో కోస్తాడు. నా సంబళం ఎంతో ఇక్కడ రాయను. రాస్తే మీరు అయ్యో అంటారు. మీ అయ్యో నాకు అక్కర్లేదు.

ఈమధ్య మా పేరు మాత్రం మార్చారు. ఇదివరకు పిలిచే పేరు బాగాలేదని, గౌరవంగా ఉండాలని తూయ్మై పణియాళర్ అన్నారు, శుభ్రం చేసే శ్రామికులని అర్థం. మంచిదే. కొత్త పేరు పలకడానికి నోరు తిరగక మా మేస్త్రీ ఇంకా "ఏయ్" అనే పిలుస్తాడు.

మా వంతు వీధుల్లో ఒకదానిలో ఒక తమిళ ఐయ్యా ఉన్నారు. బడిలో తమిళం చెప్పి రిటైరయ్యారు. మంచిమనిషి. తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి తనే బండి దగ్గరికి తెచ్చి ఇస్తారు, రెండు మాటలు మాట్లాడతారు. ఒకరోజు బకెట్టు నా చేతికిస్తూ, ఆదివారం సాయంత్రం పట్టిమన్రం పెడుతున్నామని చెప్పారు.

పట్టిమన్రం అరవదేశపు సరదా. ఏదో ఒక సంగతి పెట్టుకుని రెండు జట్లు వేదికమీద వాదించుకుంటాయి. మధ్యలో కూర్చున్న పెద్దాయన, నడువర్ అంటారు, అందరూ మాట్లాడాక తీర్పు చెప్తాడు. జనం సినిమాకొచ్చినట్టు వస్తారు. ఆ ఆదివారం నడువర్ మా ఐయ్యానే. మైదానంలో ఆడేవాళ్ళకు పెద్ద సంబళం తగునా, ఊరిని నిలబెట్టే పనివాళ్ళకు తగునా అన్నది వాదన.

"పనివాళ్ళ జట్టులో చివరగా నువ్వు మాట్లాడాలమ్మా," అన్నారు ఐయ్యా. "మేము చెప్తే వాదం, నువ్వు చెప్తే సాక్ష్యం."

సాక్ష్యం అనే మాట నాకు నచ్చలేదు. కాని ఒప్పుకున్నాను. ఎందుకంటే కొత్త టెండరు దగ్గరపడుతోంది, ఈసారి ఇంకా తగ్గించి రాయబోతున్నారని అందరూ అనుకుంటున్నారు, మాలో ఎవరికీ ఎన్నడూ మైకు దొరకలేదు.

ఆ సంగతి మేస్త్రీకి అదే రోజు తెలిసిపోయింది. మేస్త్రీ అంటే పొద్దున మాకు హాజరు వేసేవాడు, కాంట్రాక్టరు మనిషి. అతనిదీ మా మాదిరి తెలుగు ఇల్లే. పనిచోట ఎప్పుడూ అరవమే మాట్లాడతాడు. బెదిరించాల్సి వచ్చినప్పుడు మాత్రం తెలుగులోకి దిగుతాడు, పక్కవాళ్ళకు తెలియకూడదని.

"అక్కా, మేడెక్కి మైకులో మాట్లాడతా ఉండావంట," అన్నాడు తెలుగులో. నాకు అప్పుడే అర్థమైంది.

"అవును."

"సంతోషం. ఆటగాళ్ళను ఎంతైనా తిట్టుకో, చప్పట్లు కొడతారు. టెండరు మాట మాత్రం ఎత్తవద్దు. ముందర వరసలో మన కాంట్రాక్టరు కూర్చుంటాడు. మండపం బాడుగ ఆయనే ఇస్తా ఉండాడు."

"ఎత్తితే?"

"నేనేం చేస్తాను అక్కా, నేనూ సంబళానికి ఉండేవాణ్ణే. మర్నాడు పొద్దున నీ పేరు పిలవను. అంతే."

మా పనిలో పేరు పిలవకపోతే ఆ రోజు పని లేదు. వరసగా పిలవకపోతే పనే లేదు. ఇంట్లో అమ్మ మందులు, పిల్లల చదువు, పొయ్యి, అన్నీ ఆ పిలుపు మీదే ఉన్నాయి. అది అతనికి తెలుసు, నాకు తెలుసు.

ఆదివారం మండపం నిండిపోయింది. మాతో పనిచేసే ఆడవాళ్ళు వెనక వరసల్లో కూర్చున్నారు. మేస్త్రీ స్తంభం పక్కన నిలబడ్డాడు. ముందు వరసలో కాంట్రాక్టరు కాలుమీద కాలు వేసుకుని ఉన్నాడు, నెమ్మదస్తుడిలా కనిపించే మనిషి.

ఆటగాళ్ళ తరఫున ఒక కుర్ర లెక్చరరు బాగా మాట్లాడాడు. ఆటగాడి ఒళ్ళు కొన్నేళ్ళకే అరిగిపోతుందన్నాడు, అది నిజం. లక్షలమంది టికెట్టు కొని చూస్తారన్నాడు, అదీ నిజం. తర్వాత, "వీధి ఊడుస్తుంటే చూడ్డానికి ఎవరైనా టికెట్టు కొంటారా?" అన్నాడు. మండపమంతా నవ్వింది. వెనక వరసల్లో మా ఆడవాళ్ళు కూడా నవ్వారు, నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

మా జట్టు పెద్దమనిషి అంతకంటే ఏం తక్కువ తినలేదు. ఆటగాళ్ళు ఏడాది ఆడకపోతే ఎవరికీ తలనొప్పి కూడా రాదు, వీళ్ళు వారం రాకపోతే ఊళ్ళో నిలబడలేం, ఆ కోట్లు కోసి వీళ్ళకు పంచాలి అన్నాడు. ఈలలు. అంతటితో ఊరుకోకుండా నావైపు చెయ్యి చూపి, "ఈ తల్లి చేతులు చూడండి" అన్నాడు. అందరూ చూశారు. నేను చేతులు కొంగులో పెట్టేసుకున్నాను. నా చేతులు ఆయన చూపించడానికి కాదు.

నా వంతు వచ్చింది. మైకు ముందు నిలబడితే మొదట గుర్తొచ్చింది కారిమంగళం మైదానం. అరవంలో మాట్లాడినది ఇక్కడ మా ఇంటి తెలుగులో రాస్తున్నాను.

"మా జట్టువాళ్ళు కోపం పెట్టుకోకూడదు. ఆటగాడి సంబళం తగ్గించండి అని నేను అడగను. నేను చెడుగుడు ఆడినాను. ఒళ్ళు ఎట్ల విరుగుతుందో నాకు తెలుసు. ఆ పిల్లోడు సంపాదించుకోనీండి, వాడిది కూడా వేలైనే. వాడి ఆకులో అన్నం తీసి నా ఆకులో వెయ్యండని నేను ఎప్పుడు అడిగినాను? వాణ్ణి తిట్టాలంటేనే మీకు నేను గుర్తొస్తాను. మిగతా దినాల్లో నేనెక్కడ ఉంటాను? మీ వాకిలి ముందరే ఉంటాను."

 లెక్చరరు వైపు తిరిగాను.

"టికెట్టు కొని ఎవురూ చూడరు తంబీ, నిజమే. ఎదురుగా వస్తే ముక్కు మూసుకునేవాళ్ళకు నేనూ టికెట్టు అమ్మను."

ఈసారి వెనక వరసలు వేరేగా నవ్వాయి. లెక్చరరు కూడా నవ్వాడు, మంచి పిల్లవాడే. అక్కడ ఆపేసి నమస్కారం పెట్టి కూర్చుంటే చప్పట్లు, శాలువా, మర్నాడు పని, అన్నీ ఉండేవి. స్తంభం దగ్గర మేస్త్రీ అదే కోరుకుంటున్నట్టు చెయ్యి కిందికి ఊపుతున్నాడు, చాలు దిగు అని.   కాని గీత దాటాక కూత ఆపేస్తే ఔటే గదా. ఒకసారి నిక్కరు దొరక్క ఆగిపోయాను, ఈసారి ఆపడానికి ఏమీ దాచిపెట్టలేదు ఎవరూ.

"ఒక్కటే అడుగుతాను," అన్నాను. "ఆ పిల్లోణ్ణి ఏలం ఏస్తే ఎక్కువ పాడినోడు గెలుస్తాడు. మమ్మల్ని ఏలం ఏస్తే తక్కువ పాడినోడు గెలుస్తాడు. దానికి టెండరు అని పేరు. వచ్చే వారం టెండరు ఉండాది. అందులో మా సంబళం ఇంతకు తగ్గకూడదని ముందే రాసిపెట్టండి. ఆపైన పాడుకోండి. బండి ధర తగ్గించుకోండి, చీపురు ధర తగ్గించుకోండి. మనిషి ధర తగ్గించవద్దు. తగ్గించి రాసిన కవరు ఎవురిదైనా చించి పారేయండి."

టెండరు అనే మాట ఎన్నిసార్లు అన్నానో నాకు గుర్తులేదు. కాంట్రాక్టరు కాలుమీద కాలు తీసి కింద పెట్టాడు. వెనక వరసల్లో మావాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందు వరసలు కొట్టాలో వద్దో తెలియక కాంట్రాక్టరు వైపు చూశాయి.

ఐయ్యా తీర్పు మాకే ఇచ్చారు.  ఊరిని నిలబెట్టేవాళ్ళకే పెద్ద సంబళం తగునని చెప్పారు. అందరికీ జరీ శాలువాలు కప్పారు. నాకు కప్పింది కాంట్రాక్టరే, ఖర్చు ఆయనది కదా. నవ్వుతూ కప్పాడు. ఫోటో తీశారు. ఆ ఫోటో ఇప్పటికీ ఐయ్యా ఇంట్లో గోడమీద ఉంది, అందులో నేను నవ్వలేదు.

మెట్లు దిగుతుంటే ఐయ్యా, "గెలిచాం అమ్మా," అన్నారు.

"తీర్పు చెప్పినారు ఐయ్యా. దాన్ని ఎవరు అమలు చేస్తారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది పట్టిమన్రం అమ్మా," అన్నారు మెల్లగా. "ఇక్కడ తీర్పు చప్పట్లతో అయిపోతుంది." అబద్ధం చెప్పకుండా ఆ మాట అన్నందుకు ఆయనంటే నాకు ఇంకా గౌరవం పెరిగింది. కోపం కూడా పెరిగింది, ఆయనమీద కాదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీ ఆపేసి కూర్చుని ఉంది.

"ఎవురు గెలిచినారు?"

"మనమే."

"అట్లయితే రేపు వేలై ఉండాదా?"

"లేదమ్మా. పేరు పిలవనని చెప్పినాడు."

తిడుతుందనుకున్నాను. తిట్టడానికి అన్ని విధాలా హక్కు ఉంది ఆమెకు. శాలువా అంచు వేళ్ళతో నలిపి చూసి, "నైలాన్," అని పక్కన పెట్టేసింది.

పొద్దున లేచేసరికి అమ్మ నాకంటే ముందే లేచి ఉంది. ఆ మోకాళ్ళతో ఎట్లా లేచిందో, ఎట్లా నడిచిందో. గడప దగ్గర చాప మీద నా పనికోటు ఉంది, ఆకుపచ్చది, మేమంతా చీర మీద వేసుకునేది. ఉతికి ఉంది. మడిచి ఉంది. ఆ మడత నేను గుర్తుపట్టాను. రాగుల కిందినుంచి తీసిన నిక్కరుకు ఉన్న మడత అదే.

ఈసారి దాచలేదు. తలుపుకు ఎదురుగా పెట్టింది, కళ్ళకు కనబడేట్టు.

"వాడు పిలవకపోతే వాడి నోరు," అంది అమ్మ. "నువ్వు పోయి నిలబడు."

 కోటు తొడుక్కున్నాను.

టెండరు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత దానికోసం ఎవరూ ఎదురుచూడకుండా. ఆ వారం కవర్లు తెరిచారు. తక్కువ పాడినవాడే గెలిచాడు. మా సంబళం ఇంత అని ముందే ఎవరూ రాసిపెట్టలేదు. ఆ రాత ఉండాలని అప్పటినుంచి అడుగుతూనే ఉన్నాం, ఆఫీసు గేటు దగ్గర కూర్చున్నాం, మనవులు ఇచ్చాం, లేపారు, మళ్ళీ కూర్చున్నాం. అది అయిపోయిన పోరాటం కాదు. వేలాన్ని నేను తిప్పలేకపోయాను. వేలై పోనిచ్చానా లేదా అన్నదే ఇప్పుడు చెప్పేది.

పొద్దున మేము వరసగా నిలబడే చోటు బస్‌స్టాండుకు దగ్గర్లో ఉంది. నేను పోయేసరికి అందరూ వచ్చేశారు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు. మేస్త్రీ వచ్చాడు. నా కోటు చూశాడు, మొహం చూడలేదు. పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ "ఉళ్ళేన్ ఐయా" అంటున్నారు. ఉన్నానయ్యా అని దాని అర్థం, ఇక్కడ బడిలో పిల్లలు కూడా అట్లాగే పలుకుతారు.

నాకు ముందున్న పేరు పిలిచాడు. ఆమె పలికింది. తర్వాత నాది రావాలి. నన్ను దాటేసి నా తర్వాతి పేరు పిలిచాడు.

"ఉళ్ళేన్ ఐయా," అన్నాను నేను.

"నిన్ను పిలవలేదు," అని మళ్ళీ ఆ తర్వాతి పేరే పిలిచాడు. ఆమె నాతో కలిసి ఒకే బండి తోసే మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు, నోట్లోంచి మాట బయటికి రావడమే అరుదు. ఉళ్ళేన్ అనలేదు. నేలచూపులు చూస్తూ, "ఒరు పేరు విట్టుపోచ్చు," అంది. ఒక పేరు తప్పిపోయింది అని.

మేస్త్రీ ఆమెను దాటి ఇంకో పేరు పిలిచాడు.

"ఒరు పేరు విట్టుపోచ్చు," అంది ఆ ఇంకో ఆమె.

ఆ తర్వాతి ఆమె కూడా అదే అంది. ఆ తర్వాతి ఆమె అనబోతూ నవ్వేసింది, భయంవల్ల వచ్చే నవ్వు, కాని అంది. వీళ్ళకు నేను ఏమీ చెప్పలేదు. చెప్పే తీరిక ఎక్కడిది? ఎవరింట్లో వాళ్ళు రాత్రంతా ఏమనుకున్నారో నాకు తెలియదు. నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి, తుడుచుకోలేదు.

వెలుగు వచ్చేసింది. బస్‌స్టాండులో మొదటి బస్సుల జనం దిగుతున్నారు, నిన్నటి చెత్త అక్కడే ఉంది. బండ్లు నిలబడే ఉన్నాయి, చీపుర్లు గోడకు ఆనించే ఉన్నాయి. మేస్త్రీ ఫోను తీశాడు, చూశాడు, మళ్ళీ జేబులో పెట్టేశాడు. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి తెలుగులో, "అక్కా, నా వేలై తీస్తావా నువ్వు?" అన్నాడు.

"నీ వేలై నువ్వు చెయ్యప్పా. పేర్లు పిలువు," అన్నాను.

వెనక్కి పోయి మొదటినుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ పలికారు. నా వంతు వచ్చింది. నా పేరు పలికాడు, నోట్లోనే, గాలికి కూడా వినబడనట్టు.

నాకు వినిపించింది. అయినా పలకలేదు.

"వినపళ్ళేదప్పా," అన్నాను, అందరికీ వినిపించేట్టు, తెలుగులోనే. "గట్టిగా పిలువు."

పిలిచాడు. బస్సు దిగుతున్నవాళ్ళు ఆగి ఇటు తిరిగి చూశారు. అప్పుడు పలికాను.